పెద్ద ఫోటో ప్రింటర్ కొన్నవాళ్లు నిజంగా హ్యాపీగా ఉన్నారా?

వీడియో చూసే టైమ్ లేనివాళ్ల కోసం ఎప్పటిలాగే ఈ ఎపిసోడ్ మాటల్ని రాతలో పెడుతున్నాం. నేను మధ్యలో తడబడినవి, మూడుసార్లు చెప్పినవి తీసేశాం. మిగతాదంతా చెప్పింది చెప్పినట్టే ఉంటుంది.

ఈ మధ్య నాకు ఒకే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "అన్నా, 17 అంగుళాల ఫోటో ప్రింటర్ తీసుకుందామనుకుంటున్నా, కొన్నవాళ్లు హ్యాపీగా ఉన్నారా?" అని ఒకరు. "మా నాన్నగారికి స్టూడియో ఉంది, 24 అంగుళాలది పెడితే వర్కవుట్ అవుతుందా?" అని ఇంకొకరు. ఇంకో అమ్మాయి అయితే సూటిగా అడిగేసింది, "మీరు కొన్నారు కదా, మళ్లీ కొంటారా?" అని.

ఆ చివరి ప్రశ్నకి జవాబు చెప్పాలంటే నేను చేసిన తప్పు చెప్పాలి. చెప్తా. ముందు మనం దేని గురించి మాట్లాడుకుంటున్నామో క్లియర్ చేసుకుందాం, ఎందుకంటే మన దగ్గర "పెద్ద ప్రింటర్" అనగానే అందరికీ ఫ్లెక్సీ మెషీన్ గుర్తొస్తుంది. అది వేరు. ఫ్లెక్సీ మెషీన్‌లో సాల్వెంట్ ఇంక్ వాడతారు, ప్లాస్టిక్ షీట్ మీద కొడతారు, రోడ్డు అవతల నుంచి చూసేవాళ్ల కోసం కొడతారు. మనం మాట్లాడేది నీళ్ల ఆధారంగా తయారైన పిగ్మెంట్ ఇంక్‌తో, మంచి పేపర్ మీద, చేతిలో పట్టుకుని దగ్గరగా చూసే ఫోటో వేసే ఇంక్‌జెట్ గురించి. 17 అంగుళాలంటే ఏ2 సైజు వరకు, టేబుల్ మీద పట్టేది. అసలు లార్జ్ ఫార్మాట్ అని కంపెనీలు పిలిచేవి 24 అంగుళాలు, 44 అంగుళాలు. అవి స్టాండ్ మీద నిలబడి ఉంటాయి, రోల్ పేపర్ తింటాయి. కానీ సంతోషం, బాధ విషయంలో ఈ రెండింటి కథా ఒకటే. అందుకే కలిపి చెప్తున్నా.

క్వాలిటీ గురించి ఎక్కువ మాట్లాడను. ఎందుకంటే అది ఇప్పుడు దాదాపు తేలిపోయిన విషయం. కానన్ ప్రో-1000 తీసుకోండి, 12 ట్యాంకులు, ఒక్కోటి 80 మి.లీ. అందులో 11 రంగులు, పన్నెండోది రంగు లేని క్రోమా ఆప్టిమైజర్. నిగనిగలాడే పేపర్ మీద ఇంక్ పడిన చోట ఒక మెరుపు, పడని చోట ఒక మెరుపు లేకుండా సమం చేయడానికి అది. ఎప్సన్ పి900 తీసుకోండి, 10 రంగులు, వయొలెట్‌తో సహా. రెండూ బాగా వేస్తాయి. రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టి ఏది ఏ మెషీన్‌దో చెప్పమంటే నేను చెప్పలేను. చెప్పగలమనేవాళ్లు ఉన్నారు, వాళ్లకో దండం.

ప్రింట్ బయటకి వచ్చిన క్షణం బాగుండటం వేరు, రెండేళ్లకి బాగుండటం వేరు. ఈ గొడవ కొత్తది కాదు. గ్రాహం నాష్ అని రాక్ సంగీతకారుడు, క్రాస్బీ, స్టిల్స్, నాష్ బృందంలో నాష్ ఈయనే. ఆయనకి ఫోటోగ్రఫీ పిచ్చి. ఐరిస్ 3047 అని ఒక ఇంక్‌జెట్ మెషీన్‌ని 1,26,000 డాలర్లు పెట్టి కొన్నాడు. అది అసలు ప్రింటింగ్ ప్రెస్ వాళ్లు ప్రూఫ్‌లు చూసుకోవడానికి తయారుచేసిన యంత్రం. మందపాటి పేపర్ పట్టడం కోసం దాన్ని కోసి, మార్చి వాడుకున్నారు. 1991లో కాలిఫోర్నియాలో నాష్ ఎడిషన్స్ అని స్టూడియో పెట్టారు. ఆ మొదటి ఐరిస్ మెషీన్ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఆ రోజుల్లో ఐరిస్ ప్రింట్లలో ఉన్న పెద్ద సమస్య, రంగు వెలిసిపోవడం. 2000లో ఎప్సన్ స్టైలస్ ఫోటో 870, 1270 వచ్చినప్పుడు కూడా కొందరి ప్రింట్లు గాలిలోని ఓజోన్ తగిలి నారింజ రంగుకి తిరిగాయి. అవి డై ఇంక్ రోజులు. ఆ తర్వాత పిగ్మెంట్ ఇంక్‌లు వచ్చాక ఆ భయం చాలావరకు పోయింది. కాబట్టి ఈ రోజు కొన్నవాళ్ల బాధ ప్రింట్ గురించి కాదు. ప్రింట్ చేయని రోజుల గురించి.

ఇప్పుడు నా కథ.

జాబ్ మానేసినప్పుడు చేతిలో కొంత డబ్బు ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ఆరేళ్లు చేశాక నాకు అర్థమైంది ఏంటంటే, నేను చేసింది ఏదీ చేత్తో పట్టుకోలేను. అందుకే 17 అంగుళాల ప్రింటర్ కొన్నా. బ్రాండ్ పేరు చెప్పను, తప్పు దానిది కాదు కాబట్టి. మొదటి మూడు నెలలు నా అంత సంతోషవంతుడు హైదరాబాద్‌లో లేడు. ఫ్రెండ్స్ పెళ్లి ఫోటోలు వేశా, హంపీ ఫోటోలు వేశా, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గారి కూతురు ఫోటో ఏ2లో వేసి ఇచ్చా. ఆ రోజుల్లో ఎవరైనా రివ్యూ రాయమంటే ఐదుకి ఆరు స్టార్లు ఇచ్చేవాడిని.

ఇక్కడ ఒక మాట. ఆన్‌లైన్‌లో మీరు చదివే రివ్యూల్లో చాలా భాగం ఈ మొదటి నెలల్లో రాసినవే. డబ్బాతో పాటు వచ్చిన ఇంక్ ఇంకా అయిపోలేదు. నిజానికి ఆ ఇంక్‌లో కొంత ట్యూబులు నింపడానికే పోతుంది, అది మనం గమనించం. మొదటిసారి ఫుల్ సెట్ ఇంక్ కొనే రోజు దాకా ఎవరి రివ్యూనీ నేను ఇప్పుడు లెక్కలోకి తీసుకోను. కొత్త కోడలి గురించి అత్తగారు పదహారు రోజుల పండగ నాడు చెప్పే మాట లాంటిది అది.

మే నెలలో మా నానమ్మకి బాగోలేదని ఫోన్ వచ్చింది. తెనాలి వెళ్లిపోయా. వెళ్లేముందు ప్రింటర్ ఆఫ్ చేసి, బుద్ధిమంతుడిలా గోడ మీద స్విచ్ కూడా ఆపేసి, కిటికీలు వేసి వెళ్లా. వారంలో వస్తాననుకున్నా, మూడున్నర నెలలు అక్కడే ఉండిపోయా. ఐదో అంతస్తు ఫ్లాట్, పైన స్లాబే, మే, జూన్ ఎండలు. ఆ గదిలో గాలి ఎంత పొడిగా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆగస్టు చివర నానమ్మ పోయింది.

పెద్దకర్మకి పటం కావాలి. ఆవిడ ఫోటో నా దగ్గర ఒకటి ఉంది, సంక్రాంతికి వాకిట్లో కూర్చోబెట్టి తీసింది. ముఖానికి పసుపు, పెద్ద కుంకుమ బొట్టు, వెంకటగిరి చీర. మా బాబాయ్‌కి తెనాలిలో స్టూడియో ఉంది, ఆయన "నేను వేస్తాలేరా" అన్నాడు. నేను వినలేదు. "లేదు బాబాయ్, నానమ్మ ఫోటో నేనే వేస్తా" అని రైలెక్కి హైదరాబాద్ వచ్చా.

(ఇక్కడ వీడియోలో ఆ ప్రింట్ చూపించాను.) ఇదిగో, ఇదీ వచ్చింది. నాజిల్ చెక్ వేస్తే పసుపు రంగు వరస మొత్తం ఖాళీ. లైట్ మెజెంటాలో సగం గీతలు లేవు. పసుపు లేకుండా మనిషి ముఖం వేస్తే ఎలా ఉంటుందో తెలుసా? ఊదా రంగులో ఉంటుంది. పసుపు రాసుకున్న మా నానమ్మ ముఖం ఊదా రంగులో వచ్చింది. అర్ధరాత్రి ఆ కాగితం పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు.

క్లీనింగ్ పెట్టా. మళ్లీ పెట్టా. తర్వాత పవర్ క్లీనింగ్. నాలుగోసారికి ఇంక్ మట్టాలు కళ్లముందే పడిపోయాయి, స్క్రీన్ మీద మెసేజ్ వచ్చింది, మెయింటెనెన్స్ కార్ట్రిడ్జ్ నిండిపోయింది, మార్చమని. ఇన్నాళ్లూ ఆ పేరే నేను పట్టించుకోలేదు. ఊళ్లో ఉన్న డీలర్‌కి ఫోన్ చేస్తే స్టాక్ లేదన్నారు. పొద్దున్నే బాబాయ్‌కి ఫోన్ చేశా. ఆయన ఏమీ అడగలేదు. "ఫైల్ పంపరా" అన్నాడంతే.

పెద్దకర్మ రోజు పటం బ్రహ్మాండంగా ఉంది. అందరూ "ఎంత బాగా తీశావురా" అన్నారు. నాకు మాత్రం బాబాయ్ ముఖం చూడాలంటే సిగ్గేసింది.

సరే, ఆ రాత్రి లోపల అసలు ఏం జరిగిందో చెప్తా, ఎందుకంటే నాకు ఉపయోగపడింది ఇదే.

ప్రింట్ హెడ్ అంటే కంటికి కనపడని చిన్న చిన్న రంధ్రాల వరసలు. ఇందాక చెప్పిన ప్రో-1000 హెడ్‌లో 18,432 నాజిల్స్ ఉంటాయి. ఒక్కో నాజిల్ వదిలే చుక్క కొన్ని పికోలీటర్లు. పికోలీటర్ అంటే లీటర్‌లో లక్ష కోట్ల వంతు. ఆ చుక్కని బయటకి తోయడానికి రెండు పద్ధతులు. ఎప్సన్‌ది పీజో పద్ధతి. కరెంట్ ఇస్తే వంగే చిన్న స్ఫటికం ఇంక్‌ని నొక్కుతుంది. కానన్, హెచ్‌పీలది వేడి పద్ధతి. నాజిల్ దగ్గర ఉన్న బుల్లి హీటర్ ఇంక్‌ని క్షణంలో మరిగిస్తే బుడగ పుట్టి చుక్కని తోస్తుంది. 1977లో కానన్ ల్యాబ్‌లో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంక్ ఉన్న సిరంజికి తగిలి, సూది చివర నుంచి ఇంక్ చిమ్మిందట. అక్కడ మొదలైంది ఆ ఆలోచన. మన కాలేజీ ల్యాబ్‌లో సోల్డరింగ్ ఐరన్ తగిలితే చొక్కా కాలేది, అంతే తేడా.

పద్ధతి ఏదైనా ఇంక్‌లో నీళ్లున్నాయి, నాజిల్ నోరు గాలికి తెరుచుకుని ఉంటుంది. నీళ్లు ఆవిరైతే లోపల పిగ్మెంట్ చిక్కబడుతుంది, తర్వాత గట్టిపడుతుంది. అందుకే పని అయిపోగానే హెడ్ ఒక మూల వెళ్లి రబ్బరు మూత మీద కూర్చుంటుంది. దాన్నే క్యాపింగ్ స్టేషన్ అంటారు. ఊరగాయ జాడీకి వాసెన కట్టినట్టు అనుకోండి. వాసెన సరిగ్గా లేకపోతే పచ్చడి ఏమవుతుందో మీ అమ్మగారిని అడగండి. నా మెషీన్‌లో ఆ రబ్బరు అంచు చుట్టూ ఎండిన ఇంక్ పేరుకుని ఉంది. మూత వేసినట్టే ఉంది, కానీ గాలి వెళ్తోంది. పైగా గోడ స్విచ్ ఆపేశా కాబట్టి మెషీన్ తనంతట తాను చేసుకునే చిన్న చిన్న మెయింటెనెన్స్ పనులు కూడా జరగలేదు.

మనకి చిన్నప్పటి నుంచి ఒక అలవాటు. ఊరెళ్తుంటే టీవీ, ఫ్యాన్, గీజర్ అన్ని స్విచ్‌లూ ఆపేయాలి. ఈ ప్రింటర్ విషయంలో ఆ అలవాటు తగ్గించుకోవాలి. ఆపాలంటే ముందు ప్రింటర్ మీద ఉన్న బటన్‌తోనే ఆపాలి, హెడ్ మూత మీద కూర్చునేదాకా ఆగాలి. నేరుగా బోర్డు మీద స్విచ్ ఆపితే హెడ్ దారి మధ్యలో నోరు తెరుచుకుని నిలబడిపోవచ్చు. ప్రింట్ మధ్యలో కరెంట్ పోయినా అంతే. అందుకే మన ఊళ్లలో ఈ ప్రింటర్ కొనేవాళ్లు యూపీఎస్‌ని ప్రింటర్ ధరలో భాగంగానే లెక్కేసుకోవాలి. యూపీఎస్ లేకుండా కొనడం అంటే చెప్పులు లేకుండా తిరుమల మెట్లెక్కడం లాంటిది కాదు, అది మొక్కు, ఇది తలనొప్పి.

ఇక ఆ మెయింటెనెన్స్ కార్ట్రిడ్జ్. క్లీనింగ్ అంటే లోపల ఏదో గుడ్డతో తుడవడం అనుకుంటాం. కాదు. చిన్న పంపు నాజిల్స్ నుంచి ఇంక్‌ని లాగుతుంది. మంచి ఇంక్‌నే లాగుతుంది. లాగిన ఇంక్ అంతా వెళ్లేది ఆ డబ్బాలోకే. మనం కొన్న ఇంక్, ఒక్క ఫోటో కూడా వేయకుండా చెత్తబుట్టలోకి పోవడం అన్నమాట. రోజూ వాడేవాడికి ఇది చిన్న భాగం. నెలకోసారి వాడేవాడికి ఇదే పెద్ద భాగం.

నేను ఇంజనీర్‌ని కాబట్టి లెక్క వేసి చూపిస్తా. ఇవి నేను అనుకున్న అంకెలు. మీరు డీలర్‌ని అడిగి మీ అంకెలు పెట్టుకోండి, పద్ధతి మాత్రం ఇదే. ప్రింటర్ 1,20,000 రూపాయలు, ఐదేళ్లు వాడతాం అనుకుందాం. నెలకి 2,000. ఇంక్ మి.లీ.కి 60 రూపాయలు అనుకుందాం. ఒక ఏ2 ఫోటోకి సుమారు 4 మి.లీ. ఇంక్, అంటే 240. మంచి పేపర్ షీటు 350. మొత్తం 590. బయట ల్యాబ్‌లో ఇంతకంటే ఎక్కువ అడుగుతారు కాబట్టి కొనేముందు మనందరం ఈ 590 దగ్గరే ఆగిపోయి, ఇంట్లోవాళ్లకి చెప్పేస్తాం, "లాభమే" అని. నేనూ అదే చెప్పా.

ఇప్పుడు నెలకి రెండే ప్రింట్లు వేశారనుకోండి. మెషీన్ ఖర్చు ఒక్కో ప్రింట్ మీద 1,000 పడుతుంది. క్లీనింగ్‌లకి నెలకి 20 మి.లీ. పోయిందనుకుంటే 1,200, అంటే ప్రింట్‌కి 600. మొత్తం 2,190. అదే నెలకి 40 ప్రింట్లు వేస్తే మెషీన్ ఖర్చు ప్రింట్‌కి 50. రోజూ నడుస్తుంది కాబట్టి క్లీనింగ్‌కి 10 మి.లీ. చాలనుకుంటే ప్రింట్‌కి 15. మొత్తం 655. అదే మెషీన్, అదే ఇంక్, అదే పేపర్. ఒకడికి 655, ఇంకొకడికి 2,190. ఆ ఇద్దర్నీ "మీరు హ్యాపీయేనా" అని అడిగితే ఒకే జవాబు ఎలా వస్తుంది?

మా బాబాయ్ దగ్గర 24 అంగుళాలది ఉంది. ఆయన ఏ ఫోరమూ చదవలేదు, ఏ యూట్యూబ్ వీడియో చూడలేదు, నావి కూడా. రోజూ పొద్దున్నే షాపు తెరిచి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించి, ఆ తర్వాత నాజిల్ చెక్ వేస్తాడు. పటాల షాపుల వాళ్లు ముగ్గురు ఆయనకి రోజూ ఫైళ్లు పంపుతారు. పెళ్లి ఫోటోలు, దేవుడి ఫోటోలు, చనిపోయినవాళ్ల ఫోటోలు. పని లేని రోజు కూడా ఏదో ఒకటి చిన్న సైజులో వేస్తాడు. ఎందుకు బాబాయ్ అంటే ఆయన అన్న మాట ఇది: "ఒరేయ్, ఇది పాడిగేదెరా. పాలు అమ్ముడుపోలేదని పిండటం మానేస్తే పొదుగు వాస్తుంది." ఆరేళ్లు సర్వర్లు చూసుకున్నా నాకు ఇంత బాగా చెప్పడం రాలేదు.

అలాగని బాబాయ్‌కి కంప్లైంట్లు లేవని కాదు. ఎండాకాలం రోల్ పేపర్ అంచులు పైకి లేస్తాయి, హెడ్ వాటికి రాసుకుంటే ఫోటో అంచున నల్లటి గీత. దాన్ని హెడ్ స్ట్రైక్ అంటారు. గది మరీ పొడిగా ఉన్నా ఇబ్బందే, వైజాగ్‌లాగా తేమ ఎక్కువైనా ఇబ్బందే, ప్రింట్ ఆరడానికి టైమ్ పడుతుంది, ఆరకుండా ఒకదాని మీద ఒకటి పెడితే అంటుకుంటాయి. తేమ 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే హాయి. కొలవడానికి చిన్న మీటర్ దొరుకుతుంది, పెద్ద ఖరీదు కాదు, కొనండి.

17 అంగుళాల వాటిలో కొన్నవాళ్లు గొణిగేవి ఇంకో రకం. ప్రో-1000 బరువు 32 కిలోలు. డబ్బా పైఅంతస్తుకి ఎక్కించే రోజే ఇద్దరు మనుషులు కావాలి. దానికి రోల్ పేపర్ పెట్టే వీలు లేదు, పొడవాటి పనోరమాలు వేసేవాళ్లకి అది లోటు. పి900 చిన్నది, తేలిక, రోల్ యూనిట్ విడిగా కొనుక్కోవచ్చు. కానీ దాని కార్ట్రిడ్జ్ 50 మి.లీ. మాత్రమే. అంతకుముందు వచ్చిన పి800లో 80 ఉండేది. పాత ఓనర్లకి ఇది కడుపుమంట, న్యాయమే అనిపిస్తుంది నాకు. అయితే పి800లో మ్యాట్ బ్లాక్, ఫోటో బ్లాక్ రెండూ ఒకే దారిలో వెళ్లేవి. పేపర్ రకం మార్చినప్పుడల్లా ఒక నలుపుని ఖాళీ చేసి ఇంకోదాన్ని నింపాలి, ఇంక్ వృథా. పి900లో రెండింటికీ విడివిడి నాజిల్స్ వచ్చాయి. ఒకటి ఇచ్చి ఒకటి తీసుకున్నారు.

హెడ్ విషయంలో కూడా తేడా ఉంది. కానన్ హెడ్ అరిగిపోయే వస్తువు అని ఒప్పుకునే తయారుచేస్తారు, ఓనరే విప్పి కొత్తది పెట్టుకోవచ్చు. ఎప్సన్ పీజో హెడ్ ఎక్కువ కాలం ఉండాలని చేస్తారు, పోతే మాత్రం సర్వీస్ వాళ్లే రావాలి. అందుకే ఏది మంచిదని నన్నడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తా. మీ ఊరికి సర్వీస్ ఇంజనీర్ వస్తాడా? ఎన్ని రోజులకి వస్తాడు? డీలర్‌ని ఈ మాట అడగండి, ఫోన్‌లో కాదు, కొనేముందు వాట్సాప్‌లో రాయించుకోండి. హైదరాబాద్‌లో ఉన్న నాకే మూడు వారాలు పట్టింది. హెడ్ మార్చారు. బిల్లు ఎంతో అమ్మకి ఇప్పటికీ తెలీదు, ఈ వీడియో ఆవిడ చూడదని నమ్మకం.

ఇంకొక కంప్లైంట్ ఉంది, ఇది మాత్రం ప్రింటర్ తప్పు అసలు కాదు. "ప్రింట్ డార్క్‌గా వస్తోంది." మీ మానిటర్ వెలుతురు పూర్తిగా పెంచుకుని ఎడిట్ చేస్తారు. స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది, కాగితం వెలగదు, మీద పడిన లైటునే తిరిగి ఇస్తుంది. స్క్రీన్ వెలుతురు చదరపు మీటరుకి 100 నుంచి 120 క్యాండెలాల దగ్గరికి దించుకుని, ఆ పేపర్‌కి సరిపడే ఐసీసీ ప్రొఫైల్ పెట్టి, ఒకసారి సాఫ్ట్ ప్రూఫ్ చూసుకుంటే సగం కోపం పోతుంది. అలాగే పట్టుచీర జరీ. జరీ మెరుపు కాగితం మీద రాదు, ఎందుకంటే అది రంగు కాదు, లోహం. బంగారం రంగు వస్తుంది, బంగారం రాదు. పెళ్లికూతురి వాళ్లమ్మకి ఇది ముందే చెప్పి పెట్టుకోండి.

ఇన్ని చెప్పాక కూడా, ఈ ప్రింటర్లు ఉన్నవాళ్లు వాటిని ఎందుకు వదులుకోరు? దానికీ జవాబు చెప్పాలి కదా. బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఒకటి వేసి చూడండి. ఈ మెషీన్లలో నలుపుతో పాటు విడిగా బూడిద రంగు ఇంక్‌లు ఉంటాయి, అందుకే నీలం ఛాయో, పచ్చ ఛాయో లేకుండా శుభ్రమైన టోన్ వస్తుంది. మందపాటి కాటన్ పేపర్, ఉదాహరణకి హానెమ్యూల్ ఫోటో రాగ్ 308, దాని మీద కుంకుమ ఎరుపు పడ్డాక వచ్చే గుణం ఫోన్ స్క్రీన్ మీద ఎప్పటికీ రాదు. నచ్చకపోతే కొంచెం సరిచేసి పది నిమిషాల్లో మళ్లీ వేసుకోవచ్చు. ల్యాబ్‌వాడిని "ఇంకొంచెం వెచ్చగా కావాలండి" అని బతిమాలక్కర్లేదు. ఈ చేతిలో ఉండే స్వేచ్ఛ కోసమే మనవాళ్లు ఇంక్ బిల్లు భరిస్తారు. నేనూ భరించా. అది ఉత్తి మోజు అని కొట్టిపారేయలేను.

అందుకని మా నాన్నగారికి స్టూడియో ఉందని అడిగిన తమ్ముడికి నా మాట: మీ దగ్గరికి ఇప్పటికే రోజూ ప్రింట్లు అడిగేవాళ్లు ఉంటే తీసుకోండి. "కొంటే వస్తారు" అని కొనకండి. ముందు మూడు నెలలు పెద్ద సైజు ఆర్డర్లు తీసుకుని బయట ల్యాబ్‌లో వేయించండి, నెలకి ఎన్ని వస్తున్నాయో నోట్‌బుక్‌లో రాసుకోండి. అంకె 30 దాటితే డీలర్ దగ్గరికి వెళ్లండి. ఐదు దగ్గర ఆగితే ఆ ల్యాబ్‌వాడితో మంచిగా ఉండండి. హాబీ కోసం కొనేవాళ్లు, వారానికి ఒక్క ఫోటో అయినా వేయగలరా అని మీకు మీరే నిజం చెప్పుకోండి. నెలల తరబడి ఊళ్లు తిరిగే ఉద్యోగమైతే వద్దు, నిర్మొహమాటంగా చెప్తున్నా. చవకగా వస్తుందని వేరే కంపెనీ ఇంక్ నింపేవాళ్లున్నారు, రోజూ నడిపే షాపువాడు ఆ రిస్క్ భరించగలడు, మీరూ నేనూ కాదు.

మళ్లీ కొంటారా అని అడిగిన అమ్మాయికి: కొనక్కర్లేదండి, నాది ఇంకా ఉంది. కానీ నా దగ్గర లేదు. హెడ్ మార్చాక కారులో వేసుకుని తెనాలి తీసుకెళ్లి బాబాయ్ షాపులో పెట్టేశా. పెద్ద సైజులు ఆయన 24 మీద పోతాయి, చిన్నవన్నీ నాదాని మీద. రోజూ పొద్దున్న అగరుబత్తి దానికి కూడా వెలుగుతోంది. నాకు ఏదైనా ప్రింట్ కావాలంటే ఫైల్ పంపుతా, ఆయన వేసి ట్యూబులో చుట్టి కొరియర్ చేస్తాడు. పేపర్ డబ్బులు మాత్రం ముక్కుపిండి వసూలు చేస్తాడు. ఆ ఊదా రంగు ప్రింట్ మాత్రం నా టేబుల్ పైన గోడకే ఉంది, పారేయలేదు.

వచ్చే ఎపిసోడ్‌లో మానిటర్ క్యాలిబ్రేషన్ ఇంట్లోనే ఎలా చేసుకోవాలో చూపిస్తా. ఉంటానండి.